మావయ్య మార్చి చెప్పిన ముగింపు

మొన్నొక ఆదివారం భోజనాలయ్యాక గోరుచిక్కుడుకాయలు ముందేసుకుని టీవీ ముందు కూర్చున్నాను. ఇప్పటి టీవీలు మనం అడిగింది చూపించడం మానేసి, మనకేం కావాలో తమకే తెలిసినట్టు వరసగా బొమ్మలు పరుస్తున్నాయి కదా. ప్రవచనాలకీ పచ్చళ్లకీ మధ్య ఒక పాత నలుపు తెలుపు బొమ్మ కనిపించింది. పొట్టిగా, లావుగా, బట్టతలతో ఒకాయన చంకలో గొడుగు పెట్టుకుని ఎవరి గుమ్మం ముందో నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. సినిమా పేరు బెంగాలీ అక్షరాల్లో ఉంది, నాకు చదవడం రాదు. అయినా ఆయన్ని గుర్తుపట్టడానికి పేరుతో పనిలేదు. మేం హైదరాబాదు కొత్తపేటలో అద్దెకున్న రోజుల్లో ఆ గొడుగాయన మా ఇంట్లో మనిషే అన్నంత చనువుగా మసిలాడు. ఎవరో పుణ్యాత్ములు ఆ సినిమాను గీతలూ మరకలూ లేకుండా శుభ్రం చేసి, కింద ఇంగ్లీషులో మాటలు కూడా వేసి పెట్టారు. చిక్కుడుకాయలు పక్కకి నెట్టేసి చూడడం మొదలుపెట్టాను.

చివరికొచ్చేసరికి నాకు మతిపోయింది. హంతకుడు మారిపోయాడు. నాకు తెలిసిన కథలో హత్య చేసింది డాక్టరు. ఇక్కడేమో మేడ మీద అద్దెకున్న ట్యూషన్ మాస్టారు. పొరపాటు పడ్డానేమోనని వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మాస్టారే. తన నోటితో తనే ఒప్పుకుంటున్నాడు. సినిమా ఎక్కడికీ పోదు, యాభై ఏళ్లుగా అది అదే సినిమా. మారింది నేను విన్న కథ. ఆ కథ నాకు చెప్పింది మా మేనమామ. ఇన్నేళ్ల తర్వాత, ఆయన ఫోటోకి దండ వేసిన గోడ కిందే కూర్చుని, ఆయన నాతో ఆడిన అబద్ధాన్ని కనిపెట్టాను.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. వాళ్లది విజయనగరం వైపు. మీసాలు రాకముందే ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగానికి వెళ్లి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయాడు. అక్కడ మనవాళ్లు వీధులకు వీధులున్నారు కాబట్టి తెలుగు మరిచిపోలేదు, కానీ ఆయన తెలుగులోకి బెంగాలీ కాస్త కాస్త ఊరి ఒక రకం రుచి వచ్చింది. కోపమొస్తే బెంగాలీ, జాలేస్తే విజయనగరం. మరమరాల్లో పచ్చి ఆవనూనె పోసుకుని, ఉల్లిపాయా పచ్చిమిర్చీ కొరుక్కుంటూ తినేవాడు. ఆ ఘాటుకి మా ఆయన బాల్కనీలోకి పారిపోయేవాడు. అత్తయ్య పోయాక, పిల్లలు లేరు కనక, "ఒక్కడివీ అక్కడేం చేస్తావు మావయ్యా" అని నేనే పిలుచుకొచ్చాను. ఒక ట్రంకు పెట్టె, ఒక పీట, చేతిసంచీ నిండా సినిమా డిస్కులతో దిగాడు.

ఆయన సినిమా పిచ్చి మామూలుది కాదు. అందులోనూ ఆ గొడుగాయన సినిమా అంటే భక్తి. కుర్రతనంలో స్టేషను దగ్గర హాల్లో చూశాడట. దుర్గాపూజ సెలవుల్లో పెద్ద పెద్ద తారల సినిమాల మధ్య వచ్చి, పాటలు లేక, ఫైటింగులు లేక, బట్టతల హీరోని చూసి జనం నవ్వి పోతే, వారానికే తీసేశారట. ఆ వారమూ రోజూ వెళ్లాడు. "ఓలమ్మా, అలాటి డిటెక్టివ్ మరి పుట్టడే! జేబులో పిస్తోలుండదు, రుమాలుంటాది. ఎవుర్నీ గద్దించడు. వంటింట్లో ఆడోళ్ల పక్కన పీటేసుకుని బఠాణీలు ఒలుస్తా మాటాడతాడు. ఆ బఠాణీలయ్యేసరికి సగం కేసు తేలిపోతాది," అనేవాడు. ఖరగ్‌పూర్లో మిగతా బెంగాలీలకి కూడా ఆ సినిమా గుర్తులేదని ఆయనకు తీరని బాధ. సొంత తమ్ముడికి పరీక్షలో అన్యాయంగా మార్కులు తగ్గించినట్టు చెప్పుకునేవాడు. పాత స్నేహితుడొకడు కలకత్తాలో ఎక్కడో వెతికి పంపించిన డిస్కు మా షోకేసులో దేవుడి పటాల పక్కన ఉండేది.

కొత్తపేట ఇల్లు రెండంతస్తులది. కింద ఓనరమ్మ, పైన మేము. ఆవిడది నల్గొండ దగ్గర పల్లెటూరు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యింది. భర్త ఆర్టీసీలో డ్రైవరుగా చేస్తూ పోయాడు. గుమ్మం మీద సిలువ, గుమ్మం ముందు ముగ్గు, రెండూ ఉండేవి. ముగ్గేంటి ఆంటీ అని నేనడిగితే, "ఏసయ్యకు ముగ్గంటే కోపమా ఏంది?" అనేది. కాస్త దూరంలోనే పండ్ల మార్కెట్టు. ఎండాకాలం ఊరంతా మామిడిపండు వాసన, వానలు తగ్గేవేళకి బత్తాయి వాసన. ఆవిడ మార్కెట్టు మూసే వేళకి వెళ్లి, దెబ్బ తగిలిన బత్తాయిలు చవగ్గా సంచీ నిండా తెచ్చి, సగం మా మెట్ల మీద పెట్టి వెళ్లేది. మావయ్యని "అన్నా" అనేది, ఆయన "చెల్లమ్మా" అనేవాడు. బీపీ చూపించుకునే వంకతో రోజూ పొద్దున్నే కిందికి దిగి, ఆవిడ చేతి టీ తాగి వచ్చేవాడు.

ఆవిడకి ఒక్కడే కొడుకు. అప్పుడు లా చదువుతున్నాడు. పుస్తకాల కంటే తెలంగాణ ఉద్యమంలో ఎక్కువ ఉండేవాడు. దాన్ని నేను తప్పుపట్టలేను. వాళ్ల నాన్న జీవితమంతా పట్నంలో బస్సు నడిపి, సొంతూళ్లో పొలానికి నీళ్లు రాకుండానే పోయాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు కుర్రాడి గొంతు ఎప్పుడూ పెద్దదయ్యేది కాదు, చిన్నదయ్యేది. నన్ను "అక్కా" అని, మా ఆయన్ని "అన్నా" అని, మావయ్యని "తాతా" అని పిలిచేవాడు. పొద్దున మమ్మల్నలా పిలిచి, మధ్యాహ్నం ఎల్బీ నగర్ చౌరస్తాలో "ఆంధ్రోళ్లు పోవాలె" అని నినాదమిచ్చి, సాయంత్రం వచ్చి మా ఇన్వర్టరుకి ఫోను చార్జింగు పెట్టుకునేవాడు. ఇందులో వింతేమీ ఉన్నట్టు అతనికీ అనిపించేది కాదు, మాకూ అనిపించేది కాదు. కొన్నాళ్లపాటు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, బళ్లు లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను లెక్కలు రాసే కోచింగ్ సెంటరు షట్టరు దించేసింది. ఎప్పుడూ పిల్లలతో, బ్యాగులతో, పుస్తకాల బళ్లతో కిక్కిరిసే ఆ రోడ్డు మీద కుక్కలు కాళ్లు చాపుకుని పడుకునేవి. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియదు. అలాంటి రోజుల్లోనే పోలీసులు తరిమినప్పుడు పరుగెత్తి, ఓనరమ్మ కొడుకు చీలమండ విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టి కదలొద్దన్నారు. ఇరవై రెండేళ్ల ఉద్యమకారుడు ఇంట్లో కూర్చోవడమంటే ఆ ఇంటికే శిక్ష. పొద్దస్తమానం వార్తలు పెట్టుకుని టీవీతో పోట్లాడేవాడు. ఒక మధ్యాహ్నం ఓనరమ్మ చెమటలు తుడుచుకుంటూ పైకొచ్చింది.

"అన్నా, గా న్యూస్ సూసి సూసి నాకే బీపీ లేస్తున్నది. ఏదన్న సినిమా పెట్టరాదు, వీణ్ని పైకి పట్టుకొస్త" అంది.

ఏ సినిమా పెట్టాలన్నది పెద్ద సమస్య అయ్యింది. ఆ హీరో సినిమా ఆడనివ్వబోమని అతను ఊరేగింపుల్లో అరిచి వచ్చాడు. ఈ హీరో ఏదో అన్నాడని ఇంకో గొడవ. తెలుగులో ఏది పెట్టినా ఇంట్లో రెండు పార్టీలు ఖాయం. మావయ్య షోకేసు తలుపు తీస్తూ, "బెంగాలీ సినిమాకి జై అననక్కర్లేదు, నై అననక్కర్లేదు. నేను చెబుతాను, మీరు చూడండి," అన్నాడు. ఇన్నాళ్లకి ఆయన సినిమాకి ప్రేక్షకులు దొరికారు.

కథ ఇదీ. కలకత్తాలో పెద్ద పాత ఇల్లు. ఇంటి యజమాని ముసలాయన ఒక పొద్దున్న మిద్దె మీంచి కింద పడి చచ్చిపోయి ఉంటాడు. అనుమానించదగ్గవాళ్లు ముగ్గురు: అప్పులపాలైన అల్లుడు, ఇంటికి రోజూ వచ్చే డాక్టరు, మేడ మీద గదిలో అద్దెకున్న ట్యూషన్ మాస్టారు. మాస్టారు దేశం చీలినప్పుడు అవతల నుంచి కట్టుబట్టలతో వచ్చినవాడు. ఇంటి ముసలమ్మ అతనికి సొంత కొడుక్కి పెట్టినట్టు అన్నం పెడుతుంది. గొడుగాయన వస్తాడు, తుమ్ముతాడు, బఠాణీలు ఒలుస్తాడు.

మావయ్య చెప్పే తీరు చూడాలి. టీవీ పక్కన తన పీట వేసుకుని, ఒక చేత్తో రిమోటు, ఒక చేత్తో మరమరాల గిన్నె. ఆడ పాత్రకి ఆడ గొంతు, ముసలమ్మకి బోసినోటి గొంతు. తుమ్ములు కూడా అనువాదం చేసేవాడు. మధ్యలో ఆపి, "ఇప్పుడు చెప్పండి, ఎవరు చేసుంటారు?" అని మమ్మల్ని అడిగేవాడు. ఓనరమ్మ అల్లుడన్నది. నేను డాక్టరన్నాను. ఓనరమ్మ కొడుకు కట్టు కట్టిన కాలు పేము మోడా మీద పెట్టుకుని, మొదటి మధ్యాహ్నమే తేల్చేశాడు.

"ఇంకెవడు తాతా? ఆ పైన కిరాయికి ఉన్నోడే. తిన్న ఇంటికే కన్నం."

తన నోట్లోంచి వచ్చిన మాట అప్పుడే తన చెవిన పడ్డట్టు అతను కిటికీ వైపు చూశాడు. మావయ్య రిమోటు నొక్కి, "చూద్దాం బాబూ, చూద్దాం," అన్నాడు. అంతలో కరెంటు పోయింది, మా ఇన్వర్టరు టీవీకి చాలదు. అలా ఆ సినిమా ముక్కలు ముక్కలుగా కొన్ని మధ్యాహ్నాలు నడిచింది. వాళ్లు కింద కూడా దాని గురించే వాదించుకునేవారు. సినిమాలో అద్దాలు ఎందుకు పగిలాయి, పావురాల గూడు తాళం ఎవరి దగ్గరుంది అంటూ ఆ కుర్రాడు లా పుస్తకం పక్కన పెట్టి మావయ్యని పైనుంచి పిలిచి మరీ అడిగేవాడు. మావయ్య వయసు పదేళ్లు తగ్గింది. ఇంకొక్క మధ్యాహ్నానికి సరిపడా సినిమా మిగిలింది.

ఆ రోజు పొద్దున్న మా ఆయన పాలకి కిందికి వెళ్లి, ఖాళీ చేతులతో పైకొచ్చాడు. గేటు దగ్గరికి కుంటుకుంటూ వచ్చి ఓనరమ్మ కొడుకు ఆపి, తలొంచుకుని చెప్పాడట: "అన్నా, మీ మీద నాకు కోపం లేదు. కాని నన్ను అడుగుతున్నరు. మీటింగులల్ల ఆంధ్రోళ్లు పోవాలంటవు, ఇంట్లనేమో వాళ్ల కిరాయి తింటవు అని. వచ్చే నెలకల్ల ఇంకో ఇల్లు చూసుకోండ్రి."

నాకు ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఏదో చేయరాని పని చేస్తూ పట్టుబడ్డట్టు. మా ఆయన అప్పుడే సామాను ఎలా సర్దాలో ఆలోచిస్తున్నాడు. అమ్మాయి బడి సంగతి, గ్యాసు సంగతి, బస్సులే లేని రోజుల్లో లారీ ఎక్కడ దొరుకుతుందన్న సంగతి. విజయవాడ వెళ్లిపోదామన్నాడు. వెళ్లి ఏం చేస్తామో ఆయనకీ తెలియదు. నేను హైదరాబాదు వచ్చి పద్దెనిమిదేళ్లయింది, నా బిడ్డ ఇక్కడే పుట్టింది. ఎక్కడికి వెళ్లినా మళ్లీ మొదటి నుంచే. మావయ్య అంతా విని, కళ్లజోడు తుడుచుకుని, "మజ్జానం సినిమా ఉంది కదేటి?" అన్నాడు.

"ఇంకా సినిమా ఏంటి మావయ్యా! వాళ్లు రారు," అన్నాను.

"సగంలో ఆపీడం పాపం. నేను పిలుస్తాను," అని దిగి వెళ్లాడు.

వచ్చారు. కొడుకు గేటు దగ్గర అన్న మాట ఓనరమ్మకి తెలుసో లేదో నాకర్థం కాలేదు. ఆవిడ బత్తాయిలు ఒలిచి పళ్లెంలో పెట్టుకొచ్చింది. అతను మోడా మీద కాలు పెట్టుకుని ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాడు. మా ఆయన కూడా, ఎన్నడూ లేనిది, వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. బయట సన్నగా వాన. సినిమాలోనూ వానే.

ఇంటివాళ్లందరినీ హాల్లో కూర్చోబెట్టి గొడుగాయన మెల్లగా మాట్లాడతాడు. కెమెరా ఒక్కొక్క మొహం మీద ఆగుతుంది. అల్లుడు, డాక్టరు, మాస్టారు. మావయ్య మామూలుగానే చెబుతున్నాడు. ఒకచోట మాత్రం రిమోటు నొక్కి ఆపాడు. దగ్గు వచ్చింది. నీళ్లు తాగాడు. మళ్లీ మొదలుపెట్టేసరికి మాటలు తడబడుతున్నాయి. "అదేటంటే... డాక్టరు గారే. ముసలాయనకి మందులు మార్చి ఇచ్చీసేడు."

"ఏం మందు అన్నా?" అంది ఓనరమ్మ, నర్సు కదా.

"బెంగాలీ మందు చెల్లమ్మా."

"మందు మారిస్తే మిద్దె మీంచి ఎట్ల పడతడు?"

"కళ్లు తిరిగి."

తెర మీద మాస్టారు లేచి నిలబడి మాట్లాడుతున్నాడు. చాలాసేపు, చాలా మెల్లగా, చేతులు రెండూ కలిపి పట్టుకుని. ఆ కళ్లలో నీళ్లు. "డాక్టరు మిద్దెక్కడం తను చూశాడట. సాక్ష్యం చెబుతున్నాడు. ఇన్నాళ్లూ భయపడి చెప్పలేకపోయాడట," అన్నాడు మావయ్య. నేను నా ఊహ నిజమైనందుకు సంతోషంగా ఆ కుర్రాడి వైపు చూశాను కూడా. తర్వాత గొడుగాయన గొడుగు విప్పి, మాస్టారిని తన పక్కన నడిపించుకుంటూ మెట్లు దిగుతాడు. కింద జీపు. "మరి డాక్టర్ ఏడి తాతా?" అన్నాడతను. "జీపులో ఉన్నాడు బాబూ. కనబడడు." మెట్ల చివర ముసలమ్మ ఎదురొచ్చి మాస్టారితో చిన్నగా ఒక మాట అంటుంది. అది చెప్పడానికి మావయ్యకి చాలాసేపు పట్టింది. "జాగ్రత్తగా వెళ్లిరమ్మంటోంది," అన్నాడు. జీపు వెళ్లిపోయింది. సినిమా అయిపోయింది.

కుర్రాడు గోడ పట్టుకుని లేచాడు. "మంచిగున్నది తాతా," అని మెట్ల వైపు నడిచాడు. ఓనరమ్మ ఖాళీ పళ్లెం తీసుకుని వెనకే దిగింది. మావయ్య డిస్కు తీసి, గుడ్డతో తుడిచి, షోకేసులో పెట్టి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఇల్లు మారాలన్న దిగులనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఓనరమ్మ పైకొచ్చింది. కూర్చోలేదు. "బిడ్డా, మావోడు ఏందో అన్నడంట. ఇల్లు నా పేర ఉన్నది. ఖాళీ చేయమనాల్సింది నేను. నేను అనలే," అంది. నేనేదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "వాడు రాత్రి అన్నం తినలే. నేను అనకుండ ఉండాల్సిందమ్మా అన్నడు. వాడే చెప్తడు గని, జర టైం ఇయ్యి. వయసు గసొంటిది." అతను నిజంగానే రెండు మూడు రోజులకి మెట్ల దాకా వచ్చి, మా ఆయనతో "అన్నా, ఆ మాట మర్చిపోండ్రి," అని చెయ్యి కలిపి వెళ్లాడు. మనసు మార్చుకున్నంత మాత్రాన ఉద్యమం మానలేదు. కట్టు విప్పీ విప్పకముందే రైల్ రోకోకి వెళ్లి తల్లి చేత తిట్లు తిన్నాడు. మేమూ జై అనలేదు, నై అనలేదు. రాష్ట్రం వచ్చిన రోజున అతను మావయ్య మొహానికి గులాబీరంగు పూసి, ఆయన నోట్లో లడ్డూ కుక్కాడు. ఆ రంగుతోనే మావయ్య ఫోటో దిగాడు. మా గోడ మీద దండ వేసి ఉన్నది ఆ ఫోటోయే. మేం ఆ ఇంట్లో ఇంకా కొన్నేళ్లుండి, మీర్‌పేట్‌లో ఫ్లాటు కొనుక్కుని మారాం. మావయ్య అప్పటికే లేడు.

ఇదంతా తలుచుకుని, ఆ వారంలోనే కొత్తపేట వెళ్లాను. పండ్ల మార్కెట్టు లేదు, ఊరి బయటికి తరలిపోయింది. రోడ్డు నడినెత్తి మీద మెట్రో. ఇల్లు మాత్రం అదే. కింది ముందుగది ఇప్పుడు అతని ఆఫీసు. ఎల్బీ నగర్ కోర్టులో ప్రాక్టీసు, జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. ఓనరమ్మ మోకాళ్లకి నూనె రాసుకుంటూ మంచం మీద ఉంది. టీ వచ్చేలోపే ఆగలేక చెప్పేశాను: "ఒరే, ఆ సినిమాలో చంపింది డాక్టరు కాదురా! మాస్టారు!"

అతను నవ్వాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడా నవ్వింది.

"నాకు అప్పుడే తెలుసక్కా. ఆ డాక్టర్ కుర్సీల నుంచి కదలనే లేదు, మల్ల జీపుల ఎట్లుంటడు? సాక్షి అంతసేపు ఏడ్చుకుంట మాట్లాడిండు, తాత రెండు ముక్కల్ల తేల్చిండు. అప్పటికే లా చదువుతున్న కదా."

"నాకు బంగ్లా రాకపోతే ఏంది, మొఖం సదవొస్తది గద. దవాఖానల జిందగీ అంత మొఖాలే సూసిన. తప్పు చేసినోని మొఖం గట్లనే ఉంటది," అంది ఓనరమ్మ.

"మరి నాతో ఎవ్వరూ అనలేదేం?"

"నువ్వు నమ్మినవ్ గద బిడ్డా," అందావిడ, అదే జవాబన్నట్టు.

తర్వాత అతను మెల్లగా చెప్పాడు. కట్టు విప్పాక ఒకరోజు, నేను ఆఫీసులో ఉండగా, పైకి వెళ్లి మావయ్యని అడిగాడట: తాతా, ఇప్పుడు సరిగ్గ చెప్పు. మావయ్య కాసేపు బుకాయించి, చివరికి డిస్కు పెట్టాడు. మొదటి నుంచీ, ఉన్నదున్నట్టు చెప్పాడు. యజమాని ఇల్లమ్మేస్తున్నాను, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమంటాడు. ఎక్కడికీ పోవడానికి లేని మాస్టారు మిద్దె మీద బతిమాలతాడు, కాళ్లు పట్టుకుంటాడు, ఆ పెనుగులాటలో తోసేస్తాడు. అన్నీ తెలిసిన ముసలమ్మ, భర్తను చంపినవాడు జీపెక్కబోతుంటే ఎదురొచ్చి అడిగేది ఒకటే: "తిన్నావా?"

"గా మాట కాడ తాత ఏడ్చిండక్కా. ఈ ఒక్క మాట కోసమే సినిమా వారమంత చూసిన, మీకే చెప్పకపోతి అన్నడు," అని అతను గ్లాసు కింద పెట్టాడు. "నేను అన్నతోని గేటు కాడ ఆ మాట అన్న దినమే గా ముగింపు పడ్డది. నేను మొదటి దినమే అన్న మాట నిజమని తాత ఎట్ల చెప్తడు? పానమసొంటి సినిమాను మా కోసం ఖరాబు చేసుకున్నడు. ఆయన తండ్లాట ఆనాడే కనబడ్డది. సినిమా అసలు సంగతి తెల్వకముందే అది తెలిసింది. ఇగ ఇల్లు ఖాళీ చేయమని ఏ మొఖం పెట్టుకొని అంట?"

అంటే ఆ గదిలో ఉన్నవాళ్లలో మోసపోయింది నేనూ మా ఆయనా మాత్రమే. అబద్ధమని తెలిసినవాళ్లు నమ్మినట్టు నటించారు. వాళ్లకి తెలుసని మావయ్యకి తర్వాత తెలిసింది. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. నేనేమో వచ్చినవాళ్లందరికీ డాక్టరు కథ చెబుతూ, "మావయ్య ఎంత బాగా చెప్పాడో!" అని మెచ్చుకుంటూ బతికాను. మరీ అంత తెలివితక్కువదాన్నా అని కాసేపు ఉక్రోషపడ్డాను. కానీ ఆవిడ అన్నది నిజమే. నేను నమ్మాను కనక ఆ ఇంట్లో ఆ రాత్రి నేను నిద్రపోగలిగాను.

ఓనరమ్మ చీర సర్దుకుని కష్టపడి లేచి కూర్చుంది. టీవీలో వస్తదా గా సినిమా, పెట్టరాదు అంది. వాళ్లబ్బాయి ఫోను తీసి ఏదో నొక్కి గోడమీది టీవీకి కలిపాడు. కక్షిదారులెవరో బయట బెంచీ మీద ఎదురుచూస్తుంటే, కాసేపు ఆగనీ అన్నాడు. ముగ్గురం చూశాం. ఇంగ్లీషు నాకూ అతనికీ వచ్చు కనక ఆవిడకి మేం చెప్పాలి. ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టి, ఒకరినొకరు సరిదిద్దుకుంటూ, తుమ్ముల దగ్గర నవ్వుకుంటూ చెప్పాం. మావయ్యంత బాగా రాలేదు.

చీకటి పడ్డాక బస్సెక్కి వస్తుంటే, కిటికీ పక్కన కూర్చుని ఆ ఏడాదిని గుర్తుచేసుకోబోయాను. పొగ, పరుగులు, మూసిన షట్టర్లు, రేపేమవుతుందో అన్న గుబులు. అవన్నీ ఉన్నాయి, నేను మరిచిపోలేదు. అయినా ఎంత ప్రయత్నించినా అవి ముందుకు రావడం లేదు. అప్పుడు మమ్మల్ని అంత భయపెట్టిన ఆ రోజులు, ఇంత దూరం నుంచి చూస్తే, కొన్ని మధ్యాహ్నాలుగా మాత్రమే మిగిలాయి.